ఆట ఫైళ్ల మరమ్మతు సదుపాయం: నాలుగేళ్లు వాడిన అనుభవం

ఆన్‌లైన్ ఆట తెరిచిన వెంటనే మూసుకుపోతుంటే దాన్ని తీసేసి, మొదటి నుంచి డౌన్‌లోడ్ చేయడమే నాకు తెలిసిన మందు. 90 జీబీ ఆటను అలా రెండుసార్లు డౌన్‌లోడ్ చేశాక, లాంచర్‌లోనే (ఆటలను డౌన్‌లోడ్ చేసి తెరిచే ప్రోగ్రాంలోనే) ఉన్న ఫైళ్ల తనిఖీ నా కంటపడింది. నాలుగేళ్లుగా దాన్నే వాడుతున్నాను. నా దృష్టిలో లాంచర్‌లో ఇంతకంటే విలువైన సదుపాయం లేదు.

స్టీమ్ అనే లాంచర్‌లో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లోకి వెళ్తే ఇది ఉంటుంది. బ్యాటిల్‌నెట్ అనే మరో లాంచర్‌లో దీన్నే స్కాన్ అండ్ రిపేర్ అంటారు. పేరు ఏదైనా జరిగే పని ఒకటే: మన డిస్కులోని ఫైళ్లకు చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి వచ్చే గుర్తింపు సంఖ్య) లెక్కగట్టి, అసలు ఫైళ్ల చెక్‌సమ్‌తో పోల్చి చూస్తుంది. తేడా వచ్చినవాటిని, లేనివాటిని మాత్రమే మళ్లీ తెస్తుంది.

ఒకసారి అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది. ఆ తర్వాత ఒకే ఒక్క మ్యాప్ దగ్గర లోడింగ్ గీత ముప్పావు వంతు నిండి ఆగిపోయేది, మిగతావన్నీ మామూలుగా తెరుచుకునేవి. తనిఖీలో 2 ఫైళ్లు చెడిపోయాయని తేలింది. పావుగంటలో అదే మ్యాప్‌లో ఆడుతున్నాను. ఆ రోజు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

మోడ్‌లు (ఆటను మార్చేందుకు ఆటగాళ్లు తయారుచేసిన ఫైళ్లు) వాడేవారు మాత్రం జాగ్రత్త. అసలు ఫైళ్ల స్థానంలో మీరు పెట్టుకున్నవి తుడిచిపెట్టుకుపోతాయి, ముందే నకలు తీసి దాచుకోండి. ప్రతిసారీ ఒకే ఫైలు మాయమవుతుంటే యాంటీవైరస్ క్వారంటైన్‌లో (అనుమానం వచ్చిన ఫైళ్లను అది విడిగా పెట్టే చోట) వెతకండి. నాకు అక్కడే దొరికింది.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం మూడో ఏడాది. వారానికోసారి ఆట ఆగిపోయేది, తనిఖీ నడిపితే ఏవో ఫైళ్లు చెడిపోయాయని వచ్చేది, మళ్లీ తెచ్చుకునేది. రెండు నెలలు లాంచర్‌నే అనుమానించాను. చివరికి ఒక రాత్రి, ఏమీ మార్చకుండా వెంటవెంటనే రెండుసార్లు తనిఖీ చేశాను. మొదటిసారి 3 ఫైళ్లు, రెండోసారి వేరే 5. డిస్కులోని ఫైళ్లు పది నిమిషాల్లో అలా మారిపోవు కదా! చదివేటప్పుడే ఎక్కడో తేడా వస్తోందని అప్పుడు తట్టింది. తనిఖీ కూడా ఫైలును ర్యామ్‌లోకి (కంప్యూటర్ తాత్కాలిక మెమరీలోకి) తెచ్చుకునే లెక్కగడుతుంది, అక్కడ ఒక్క బిట్ తారుమారైనా చెక్‌సమ్ కలవదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం నడిపితే గంట తిరక్కుండానే తెర మీద తప్పులు చూపే ఎర్ర వరుసలు నిండిపోయాయి.

రెండు ర్యామ్‌లలో ఒకటి తీసేసి, చెడ్డది ఏదో తేల్చుకుని మార్చాను. అప్పటికే డిస్కు మీదికి తప్పుగా రాసినవి ఉండవచ్చని ఆఖరిసారి తనిఖీ నడిపాను. 4 ఫైళ్లు తెచ్చుకుంది. మర్నాడు మళ్లీ నడిపితే అన్నీ సరిగ్గా ఉన్నాయని వచ్చింది.