పట్టిన కుందేలుకి నాలుగు కాళ్లూ మిగలాలంటే: నేల మేలా, ఒడి మేలా, బల్ల మేలా?

మా అప్ప (అక్క) ఇల్లు విజయనగరంలో, అయ్యకోనేరు దగ్గర. మాది శ్రీకాకుళం. రెండిళ్లలోనూ కుందేళ్లున్నాయి, రెండూ పిల్లల పుణ్యమే. మా బూరె గోధుమరంగుది, పొట్టి బొచ్చు, రెండు కిలోలు కూడా తూగదు. అప్ప వాళ్లది తెల్లది. అంగోరా కలిసిన రకమని అమ్మినవాడు చెప్పాడట, బొచ్చు చూస్తే నిజమే అనిపిస్తుంది. దువ్వడం, గోళ్లు తీయడం, వెనక భాగం శుభ్రం చెయ్యడం, ఈ మూడు పనుల దగ్గర మా ఇద్దరికీ పొసగదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటుంది అప్ప. నాదీ అదే రక్తం, నా కుందేలుకీ మూడే.

వాదించి లాభం లేదని ఒక కొలత పెట్టుకున్నాం. పని అయ్యాక కొత్తిమీర కాడ చూపించాలి. కుందేలు ఎంతసేపటికి వచ్చి తింటే అంతసేపు దాన్ని భయపెట్టినట్టు లెక్క. శాస్త్రం సంగతేమో గానీ, ఈ కొలత మాత్రం మా ఇద్దరి నోళ్లూ మూయించింది.

ముందు పట్టుకోవడం సంగతి. ఇందులో పోలికే లేదు. చెవులపిల్లి అన్నాం కదాని చెవులు పట్టి ఎత్తడం సంతల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ చెవుల నిండా సన్నని రక్తనాళాలు. ఒంట్లో వేడిని కుందేలు బయటికి పంపేది ఎక్కువగా అక్కణ్నించే. శరీరం బరువంతా మోయడానికి పెట్టిన పిడులు కావవి. ఒక చెయ్యి ముందుకాళ్ల వెనకగా ఛాతీ కిందికి, రెండోది పిర్రల కిందికి పోనిచ్చి, ఎత్తీ ఎత్తగానే మన ఒంటికి ఆనించుకోవాలి. వెనక కాళ్లు గాలిలో వేలాడకూడదు. కుందేలు ఎముకలు చాలా తేలిక, దాని బరువులో 7, 8 శాతమే. అదే పిల్లికి 12, 13 శాతం ఉంటాయి. ఎముకలు అంత తేలికైనా వెనక తొడల్లో బలం మాత్రం విపరీతం. గాలిలో ఒక్క తన్ను తన్నిందంటే ఆ ఊపుకి దాని నడుమే విరగొచ్చు. ఇక జన్మంతా వెనక కాళ్లు ఈడ్చుకోవడమే.

అసలు తగువు ఎక్కడ కూర్చోబెట్టాలన్న దగ్గర మొదలైంది.

ఒడి పిల్లల ఎంపిక. కుర్చీలో కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, నిమురుతూ దువ్వుతారు. చూడముచ్చటగానే ఉంటుంది. కుందేలుకి మాత్రం అది పైనుంచి వచ్చిన రెండు చేతులు నేల మీంచి ఎత్తుకుపోవడమే, గద్ద చేసే పని కూడా అదే కదా. బిగుసుకుపోయి కూర్చుంటే బుద్ధిగా ఉందనుకుంటాం. చెవులు వెనక్కి అంటుకుపోయి, కళ్ల అంచున తెల్లగుడ్డు కనబడి, ఊపిరి చకచకా ఆడుతుంటే అది బుద్ధి కాదు, భయం. కాసేపటికి దూకుతుంది. కుర్చీ ఎత్తు మనకి ఏ పాటిది గానీ, దానికది ప్రమాదమే. ఒళ్లో దువ్విన రోజు బూరె మంచం కిందికి పోయి గంట దాకా రాలేదు.

బల్లకి ఒక మంచి గుణం ఉంది. మన నడుము వంగదు, వెలుతురు బాగా పడుతుంది, గోరులోపలి రక్తనాళం కనిపిస్తుంది. పశువుల డాక్టర్లు బల్ల మీదే చూస్తారు, కాకపోతే అక్కడ పట్టుకోవడానికి రెండో మనిషి ఉంటాడు. నేను ఒక్కర్తినే గ్రానైట్ వంటగట్టు మీద కూర్చోబెట్టి దువ్వాను. పాదాల కింద పట్టు దొరక్క జారింది, జారేసరికి బెదిరింది, బెదిరి దూకేసింది. రెండు రోజులు కుంటింది. తప్పు పూర్తిగా నాదే. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలుండవు, బొచ్చే ఉంటుంది. నున్నటి రాయి మీద, టైల్స్ మీద దానికి నిలకడ లేదు. బల్లే కావాలంటే మడిచిన గోనెసంచి పరిచి, ఇద్దరుండి, ఒకరి చెయ్యి ఎప్పుడూ దాని మీద ఉండేలా చూసుకోండి.

నేల నా పార్టీ. జంపఖానా పరిచి కాళ్లు చాపుకుని కూర్చుంటాను. మోకాళ్ల మధ్య కుందేలు, దాని వెనక భాగం నా వైపు, మొహం అవతలి వైపు. వెనక్కి పోదామంటే నా పొట్ట అడ్డం, ముందు కొత్తిమీర. తప్పించుకున్నా పడేదేం లేదు, నాలుగు గెంతులు గెంతి ఆగుతుంది. చేతిని పైనుంచి తల మీదికి దించకూడదు, ముక్కుకి ఎదురుగానూ తేకూడదు. కుందేలుకి చుట్టూ కనబడుతుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనబడదు. పక్కనుంచి వచ్చి నుదురు తాకి మొదలుపెడితే తల నేలకి ఆనించేస్తుంది. ఎర్రకళ్ల తెల్ల కుందేళ్లకి చూపు మరీ మందం, వాటికి ముందు మాట వినిపించి తర్వాత చెయ్యి వెయ్యాలి. నేల మీద దువ్విన రోజు నేను దువ్వెన దులిపేలోపే బూరె కొత్తిమీర దగ్గరుంది. నేల పద్ధతి లోపం ఒక్కటే, మన మోకాళ్లు. అప్ప ఒప్పుకోనిది అందుకే.

అప్పది ఇంకో విద్య. కుందేల్ని చంటిపిల్లలా వెల్లకిలా తిప్పి, పొట్ట నిమిరితే అది కదలకుండా పడి ఉంటుంది. "నిద్దరోయింది సూడు, ఇప్పుడు గోళ్లు తీసీ, ఏటవుద్ది?" అంటుంది. నిజంగానే పని సులువు. కానీ అది నిద్ర కాదు. దొరికిపోయిన జంతువు చివరి ఎత్తుగా చచ్చినట్టు పడుకోవడమది. అలా పడున్న కుందేళ్లను పరీక్షించి చూస్తే గుండె వేగం, ఊపిరి, ఒత్తిడి పెరిగినప్పుడు వచ్చే హార్మోను, అన్నీ పెరిగే ఉన్నాయని పరిశోధనల్లో తేలింది. పైగా అది ఎప్పుడు ఉలిక్కిపడి తన్నుతుందో తెలియదు. మనం గోరు మీద కత్తెర పెట్టిన క్షణమే కావచ్చు. అప్ప వాళ్ల తెల్లది ఆ రోజు మధ్యాహ్నం పోయి సాయంత్రం దీపాల వేళకి వచ్చింది కొత్తిమీర కోసం. ఆ తర్వాత అప్ప వెల్లకిలా తిప్పడం మానేసింది. చెప్పి మానలేదు, ఊరికే మానేసింది.

దాని బదులు తుండు. నేల మీద తుండు పరిచి, మధ్యలో కుందేల్ని కూర్చోబెట్టి, రెండు వైపులా కప్పి, ఒక్కో కాలూ బయటికి తీసి పని చూసుకోవాలి. తన్నడానికి జాగా ఉండదు, నడుముకి ఆసరా ఉంటుంది. ముక్కు మాత్రం బయటే ఉండాలి, కుందేలు ఊపిరి ముక్కుతోనే తీసుకుంటుంది. మన ఊళ్లకి ఇంకో జాగ్రత్త ఉంది. కుందేలుకి చెమట పట్టదు, ముప్పై డిగ్రీలు దాటితే చాలు, కష్టమే. మే నెలలో పన్నెండింటికి మందపాటి టర్కీ టవల్లో చుట్టితే గోళ్ల కన్నా ముందు ప్రాణం పోతుంది. తెల్లవారుజామున పల్చటి నేత తుండుతో నాలుగైదు నిమిషాల్లో ముగించాలి. పొందూరు ఖాదీ అయితే దివ్యంగా ఉంటుంది గానీ దాన్ని కుందేలు గోళ్లకి బలివ్వడానికి నాకు చేతులు రావు.

పొందూరు అంటే గుర్తొచ్చింది. మా అమ్మ అక్కడ నూలు వడికిన మనిషి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో, ఆ సన్నని పళ్లతో ఏకుతారు. కొంచెం కొంచెంగా, లాగకుండా. నేను ఇనుప తీగల బ్రష్‌తో బూరె వీపు గీకుతుంటే చూసి, "ఒలే, దూది ఏకినట్టు ఏకాల గానీ గడ్డి పీకినట్టు పీకితే ఏటి మిగుల్తాది?" అంది. ఆ మాటతో తీగల బ్రష్ అటకెక్కింది. కుందేలు చర్మం ఉల్లిపొర లాంటిది, ఇట్టే చిరుగుతుంది. పొట్టి బొచ్చుకి తడి చేత్తో నిమిరితే రాలాల్సిందంతా అరచేతికి అంటుకుంటుంది. మరీ ఎక్కువ రాలే రోజుల్లో రబ్బరు బ్రష్ చాలు. పొడుగు బొచ్చుకి నా చిట్కాలు పనికిరావు, ఇక్కడ గెలుపు అప్పదే. ఆవిడ ఎడంచేత్తో బొచ్చు మొదలు దగ్గర పట్టుకుని, పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీస్తుంది, లాగిన లాగుడు చర్మం దాకా పోదు. ఉండకట్టిన చోట కత్తెర వద్దు, ఉండతో పాటు చర్మమూ పైకి లేస్తుంది, బొచ్చనుకుని దాన్నే కోసేస్తాం. పాదాల కింది బొచ్చు అసలు ముట్టుకోకండి. అదే దాని చెప్పు.

రోజూ ఐదు నిమిషాలా, ఆదివారం గంటా? రోజూ ఐదు నిమిషాలే. కుందేలు తన బొచ్చు తనే నాక్కుంటుంది, మింగినదాన్ని కక్కలేదు. రాలే రోజుల్లో మనం తియ్యని బొచ్చంతా దాని పొట్టలోకే. గడ్డి తక్కువ తినే కుందేలైతే పేగులు కదలడం మానేస్తాయి.

స్నానం మాట ఎత్తకండి. తడిసిన కుందేలు భయంతోనే సగం చచ్చిపోతుంది, మిగతా సగం చలి చూసుకుంటుంది. మురికైన చోట కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్లతో రాలిస్తే పొడిగా పోతుంది. వెనక భాగం మరీ అంటుకుపోతే అంతమేరకే గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. వానాకాలం ఈగలు ఆ తడి బొచ్చులోనే గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగులు చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. మాటిమాటికీ మురికవుతుంటే అది శుభ్రం చేస్తే తీరే సమస్య కాదు, తిండిలోనో పళ్లలోనో ఒళ్లు పెరగడంలోనో ఏదో తేడా ఉంది. కుక్కలకి వేసే పిడుదుల మందు ఇంట్లో ఉందని దీనికి చల్లకండి. అందులో ఫిప్రోనిల్ ఉంటే కుందేలు పాలిట విషమే.

గోళ్లు ముందుకాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి, మొత్తం 18. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి తియ్యాలి. ఇద్దరుంటే ఒక్క ఊపులో అయిపోతుందంటుంది అప్ప. బావగారు పట్టుకుంటే నిజమే, అయిపోతుంది. నాకు ఎవరూ లేరు, అందుకే వాయిదాలు. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు. తెల్ల గోరులో నాళం గులాబీగా కనబడుతుంది, నల్ల గోరుకి వెనక నుంచి ఫోన్ టార్చి పెట్టాలి. కొసే కొయ్యండి. నెత్తురొస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడంటే, నెత్తురు ఆగకపోతే, బొచ్చు పెద్ద ఉండలు కడితే, పురుగు కనబడితే. వెనక కాళ్లు ఈడుస్తుంటే చేతుల్లో మొయ్యకుండా అడుగున మెత్తగా పరిచిన పెట్టెలో పెట్టి వెంటనే. పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా అంతే, తెల్లారనిద్దాం అనుకోకండి. మన ఊళ్లలో ఎక్కువగా పశువులకీ మేకలకీ అలవాటుపడినవాళ్లుంటారు కనక, కుందేళ్లు చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడగడం మంచిది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉందని గుర్తుంచుకోండి.

మొన్న అప్ప ఫోన్ చేసింది. తుండు పద్ధతిలో పద్దెనిమిది గోళ్లూ తీసిందట, తెల్లది ఇరవై నిమిషాలకి వచ్చి కొత్తిమీర తినీసిందట. నేల మీద కూర్చుని చేస్తే ఇంకా ముందే వస్తుందన్నాను. "మోకాలు నొప్పి నీకొచ్చినప్పుడు తెలుస్తాదిలే" అని పెట్టేసింది.