బాక్లోఫెన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి ఆపరేషన్ అయినప్పటి నుంచి నా కాళ్లు కొయ్యబారుతున్నాయి. విజయవాడ సూర్యారావుపేటలో నేను చూపించుకునే న్యూరాలజిస్టు రాసిన బాక్లోఫెన్‌ను అప్పటి నుంచీ వాడుతున్నాను. ఇది నొప్పి మాత్ర కాదు. కండరాలను బిగించే సంకేతాలను వెన్నుపాములోనే తగ్గిస్తుంది. ఇంట్లో ఎవరికైనా నడుము పట్టేసి ‘ఆ మాత్ర ఒకటి ఇటివ్వు’ అంటే నేను ఇవ్వను.

పని చేస్తుందా అంటే, బాగా చేస్తుంది. పడుకోగానే మోకాళ్లు వాటంతట అవే ముడుచుకుని పొట్టలోకి వచ్చేవి. ఆ ఈడ్పులు దాదాపు పోయాయి. ఇంత మేలు చేస్తున్నప్పుడు ఇంకాస్త పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. తిరకాసంతా అక్కడే ఉంది. రోజుకు మూడుసార్లు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి డాక్టరు మెల్లగా పెంచుతూ వచ్చారు. పూటకు 20 అయ్యేసరికి బిగుతు పోయింది, దానితోపాటు నిలబడే సత్తువా పోయింది. బీసెంట్ రోడ్డులో ఒక కొట్టు మెట్టు ఎక్కబోతే మోకాలు మడతబడింది; గడప పట్టుకుని ఆగాను. బలహీనపడ్డ కాళ్లకు కొంత బిగుతే ఊతమని డాక్టరు అప్పుడు వివరించారు. పగటి మోతాదు తగ్గించి, రాత్రిది అలాగే ఉంచాక కుదుటపడింది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బిగుతు సంగతితో ఆగకుండా, కుర్చీలోంచి లేవగలుగుతున్నారో లేదో కూడా చెప్పండి.

మగత తప్పదు, ముఖ్యంగా మోతాదు పెంచిన ప్రతిసారీ. ఆ రోజుల్లో స్కూటరు తాళాలు మా ఆవిడ దగ్గరే ఉండేవి. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు, మద్యం తోడైతే మగత మరీ ముదురుతుంది. ఈ మందు చాలావరకు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతింటే మామూలు మోతాదు కూడా ఒంట్లో పేరుకుపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, దీన్ని ఉన్నపళంగా మానకూడదు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపేస్తే బిగుతు తిరగబెట్టడమే కాదు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం దాకా పోవచ్చు. మానాలన్నా డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. అందుకే పండగ సెలవులకు ముందే అదనంగా ఒక అట్ట కొని ఉంచుతాను. రైలెక్కితే మాత్రలు పెట్టెలో కాదు, భుజం సంచిలో ఉంటాయి.

ఇంకొకటి. ఒకసారి మందుల దుకాణంలో 10కి బదులు 25 మిల్లీగ్రాముల అట్ట ఇచ్చారు. పేరు అదే, మూలన అంకె మాత్రమే వేరు. అప్పటి నుంచి కౌంటరు దగ్గరే కవరు విప్పి, అట్ట వెనక్కి తిప్పి చదివాకే డబ్బు ఇస్తున్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.