నల్లా నీళ్లా, ఫిల్టర్ నీళ్లా, బోరు నీళ్లా: ఫ్లోరిన్ ఊళ్లలో ఏది మేలు?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఏ ఇంటికి పోయినా ఇప్పుడు మూడు రకాల నీళ్లు కనిపిస్తాయి. వాకిట్లో మిషన్ భగీరథ పథకం కింద నది నీళ్లిచ్చే నల్లా, వంటింటి మూలకు ఫిల్టర్ ప్లాంటు నీళ్ల ఇరవై లీటర్ల క్యాను, పెరట్లో బోరు. చాలా ఇళ్లలో వాడకం ఇట్లా ఉంటుంది: తాగడానికి క్యాను, వంటకు బోరు, బట్టలకూ గిన్నెలకూ నల్లా. నన్నడిగితే ఇది పూర్తిగా తలకిందులు. తాగడానికీ వంటకూ నల్లా నీళ్లే మేలు. అవి రాని రోజున ఫిల్టర్ నీళ్లు. బట్టలకు, గిన్నెలకు, గొడ్ల కొట్టం కడగడానికి బోరు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పే పంతులును, ఈ గొడవ నాకు రోజూ పిల్లల పళ్లలో కనిపిస్తుంది.

మనం ఫ్లోరిన్ అని పిలిచే ఫ్లోరైడ్ నీళ్లలో ఎక్కువైతే పళ్లకూ ఎముకలకూ చేటు. అసలు చిక్కంతా దాని గుణంలోనే ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మన నీళ్లలో ఉండే మోతాదుకు రుచీ లేదు. మన ప్రాంతమంతా గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. రాతి పగుళ్లలో నీళ్లు ఎంత ఎక్కువకాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది. అందుకే బోరు లోతుకు పోయినకొద్దీ చాలా చోట్ల బెడద పెరిగింది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. లీటరుకు 1 ఉన్న నీళ్లనూ 4 ఉన్న నీళ్లనూ రెండు గ్లాసుల్లో పోసి ఇస్తే ఏది ఏదో ఎంతటివాళ్లూ చెప్పలేరు. కాబట్టి ఈ విషయంలో నాలుక తీర్పు చెల్లదు, కంటి తీర్పూ చెల్లదు. కొలిచి చూడాల్సిందే.

కానీ మనం నీళ్లను నమ్మేది నాలుకతోనే. మా వీధిలో ఒక పెద్దమ్మ నాతో అన్న మాట ఇది: "సారూ, నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసనొస్తయి. ఫిల్టర్ నీళ్లు తియ్యగుంటయి, పప్పు కూడా జల్ది ఉడుకుతది. ఇంక ఏది మంచిదో నువ్వే చెప్పు." ఆమె చెప్పిన మూడు సంగతులూ నిజమే. ఉప్పులు తగ్గిన నీళ్లు తియ్యగానే ఉంటాయి. కాల్షియం, మెగ్నీషియం తక్కువైతే పప్పు తొందరగా ఉడుకుతుంది. నల్లాలో క్లోరిన్ వాసన వస్తుంది. అయితే ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఫ్లోరైడ్ గురించి చెప్పదు.

ముందు ఫిల్టర్ నీళ్ల సంగతి చూద్దాం. ఈ ప్లాంట్లు వాడేది ఆర్ఓ, అంటే నీళ్లను సన్నటి పొర గుండా తోసి ఉప్పులు ఆపే పద్ధతి. అది మంచి సాంకేతికతే, అందులో నాకు అనుమానం లేదు. పొర బాగున్నంత కాలం ఫ్లోరైడ్‌లో పదింట తొమ్మిది వంతులు ఆపేస్తుంది. కృష్ణా నీళ్లు అందని రోజుల్లో ఈ ప్లాంట్లే ఎన్నో ఇళ్లను కాపాడాయి. ఆ మేలు మరచిపోకూడదు. ఇప్పుడు నాకున్న పేచీ ప్లాంటుతో కాదు, దాన్ని మనకు నమ్మించే తీరుతో.

ఇంటింటికీ ఫిల్టర్ మిషన్లు అమ్మేవాళ్లు ఒక ప్రయోగం చేసి చూపిస్తారు. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టర్ నీళ్లు. కడ్డీలున్న చిన్న పరికరం రెండింట్లో ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో నల్లా నీళ్లు పచ్చగా, తర్వాత గోధుమ రంగుగా మారి, పైన తెట్టె కడతాయి. ఫిల్టర్ గ్లాసు తేటగానే ఉంటుంది. "చూడు పెద్దమ్మా, మీరు రోజూ తాగే నీళ్లల్ల ఎంత మురికున్నదో!" అంటారు. చూసినవాళ్ల కడుపులో తిప్పుతుంది. కానీ ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఫిల్టర్ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. మనం చూసిన మురికి కడ్డీది, నీళ్లది కాదు. ఎవరైనా మీ వాకిట్లోకి వచ్చి ఇది చూపిస్తే, వాళ్ల ఫిల్టర్ గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు పెట్టమనండి. అదీ రంగు మారుతుంది. నేను తొమ్మిదో తరగతి పిల్లలతో ఇది చేయిస్తాను. ఆ రోజు సాయంత్రం ప్రతి ఇంట్లో ఆ ముచ్చటే నడుస్తుంది.

రెండోది టీడీఎస్ మీటర్, పెన్ను లాంటి పరికరం. అది నీళ్లలో కరిగిన మొత్తం లవణాల అంచనా మాత్రమే చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. ఒక లెక్క వేసి చూడండి. బోరు నీళ్ల టీడీఎస్ 900, ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకుందాం. ఆర్ఓ దాటాక టీడీఎస్ 60కి, ఫ్లోరైడ్ 0.4కి దిగింది. మరీ చప్పగా ఉన్నాయనో, నీళ్లు మిగలాలనో ప్లాంటులో మూడో వంతు మామూలు బోరు నీళ్లు కలిపారు. ఇప్పుడు టీడీఎస్ 340. ప్రమాణం 500 లోపే కాబట్టి మీటర్ చూసినవాళ్లు భేష్ అంటారు. ఫ్లోరైడ్ మాత్రం 1.6, అంటే హద్దు దాటింది. రుచి బాగుంది, మీటర్ బాగుంది, ఎముకలకు చేటు మాత్రం తప్పలేదు. అన్ని ప్లాంట్లలో ఇట్లా కలుపుతారని నేననడం లేదు. కలిపితే మనకు తెలిసే దారి టీడీఎస్ మీటర్ కాదని మాత్రం చెబుతున్నాను. పొర అరిగిపోయినా ఇదే సంగతి. ప్లాంటాయనను అడగాల్సిన మాట ఒక్కటే: "అన్నా, టీడీఎస్ కాదు, ఫ్లోరైడ్ పరీక్ష కాగితం ఉన్నదా? ఎప్పటిది?"

ఆర్ఓ వదిలే వృథా నీళ్ల మాట కూడా చెప్పుకోవాలి. పొర ఆపిన ఫ్లోరైడ్ మాయం కాదు, వదిలేసిన నీళ్లలో మరింత చిక్కబడి చేరుతుంది. ఆ నీళ్లు ప్లాంటు వెనక గుంతలో ఇంకితే మళ్లీ ఊరి భూమిలోకే పోయినట్టు. భూగర్భం అడుగంటే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఇక నల్లా. ఈ నీళ్ల వెనక ఎంత చరిత్ర ఉందో కొత్త తరానికి చెప్పాలి. నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉన్నా, ఎత్తు మీదున్న ఈ మెట్ట ఊళ్లకు ఆ నీళ్లు దశాబ్దాలపాటు ఎక్కలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. జల సాధన సమితి పిలుపు మీద, మా ఫ్లోరిన్ గోడు దేశానికి వినపడాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ తర్వాత పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లను ఎత్తిపోసి, ఉదయ సముద్రం జలాశయం నింపి, కొంత కొంతగా తాగునీరు అందింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ (గుర్తు స్తంభం) వేసి మొదలుపెట్టిన పథకమే తర్వాత మిషన్ భగీరథగా ఇంటింటి నల్లా అయింది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు దాని లక్ష్యం. శివన్నగూడెం అంశల స్వామి జీవితమంతా ఫ్లోరిన్‌తో వంగిన శరీరంతో ఈ నీళ్ల కోసమే గొంతెత్తి, 2023 జనవరిలో కన్నుమూశారు. అట్లాంటి మనుషులు అడిగి తెచ్చుకున్న నీళ్లను మనం గిన్నెలు తోమడానికి వాడటం నాకు బాధగా ఉంటుంది.

నల్లా నీళ్లు మేలనడానికి భావోద్వేగం ఒక్కటే కారణం కాదు. నది నీళ్లలో ఫ్లోరైడ్ మొదట్నుంచే తక్కువ. దాన్ని తీసేయాల్సిన పనే లేదు. పొర అరుగుతుందన్న భయం లేదు, ఎవరో బోరు నీళ్లు కలుపుతారన్న అనుమానం లేదు. నదిలో ఉండేది బురద, సూక్ష్మజీవులు. వడపోత, క్లోరిన్ ఆ రెంటినీ చూసుకుంటాయి. కాస్త క్లోరిన్ వాసన రావడం మంచి గుర్తే. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం, దారిలో క్రిములు చేరకుండా. వాసన నచ్చకపోతే బిందెలో పట్టి, పైన పలుచటి బట్ట కట్టి గంటసేపు ఉంచితే చాలావరకు పోతుంది.

అయినా జనం క్యానునే ఎందుకు నమ్ముతారు? తెలివితక్కువై కాదు. ఫిల్టర్ ప్లాంటాయన ఊళ్లో మనిషి. నీళ్లు బాగా లేకపోతే ఎదురుగా నిలబడి అడగొచ్చు. నల్లా నీళ్లు ఎక్కడో శుద్ధి అయి, ఎన్నో ఊళ్లు దాటి వస్తాయి. పైపు పగిలిందంటారు, రెండు రోజులు రావు, మూడో రోజు మొదటి బిందె ఎర్రగా వస్తుంది. ట్యాంకు ఎప్పుడు కడిగారో గోడ మీద తేదీ రాసి ఉండాలి, చాలా చోట్ల కనపడదు. ఈ ఫిర్యాదులు న్యాయమైనవి, అడిగి తీరాల్సినవి. మొదటి బిందె పారబోసి, తేటబడ్డాక పట్టుకోవడం మన చేతిలో పని. ట్యాంకు కడగడం, క్లోరిన్ పరీక్షించడం పంచాయతీ పని. గ్రామసభలో ఈ రెండు మాటలు రాయించుకోవాలి. కానీ బురదనో వాసననో చూసి బోరుకు మళ్లడం మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడటమే. బురద కంటికి కనబడుతుంది, ఫ్లోరైడ్ కనబడదు.

వంట దగ్గరే అసలు నష్టం జరుగుతోంది. తాగే నీళ్లు శుద్ధమైనవైతే చాలనుకుంటారు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రెండు లీటర్లు పోసి కుక్కర్లో అన్నం వండితే, ఆ నీళ్లన్నీ బియ్యమే పీల్చుకుంటుంది. 8 మిల్లీగ్రాములు అన్నంలోనే ఉండిపోతాయి. పప్పుకు, చారుకు, చాయ్‌కు వేరే. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. రోజంతా క్యాను నీళ్లే తాగే ఇంట్లో పిల్లవాడికి గారపట్టిన పళ్లు ఎట్లా వచ్చాయని తల్లి ఆశ్చర్యపోతుంది. "అమ్మా, అన్నం ఏ నీళ్లతో వండుతవు?" అని అడిగితే చాలాసార్లు జవాబు బోరే.

పళ్ల గార ఆలస్యంగా అందే సాక్ష్యం. పాలపళ్లు ఊడాక వచ్చే శాశ్వత పళ్ల పింగాణీ పొర తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపు. ముందు పళ్లది ఇంకా ముందే, మొదటి నాలుగైదేళ్లలోనే. నాలుగో తరగతి పిల్ల నవ్వితే కనిపించేది ఇప్పుడు తాగుతున్న నీళ్ల గుర్తు కాదు, ఆ పిల్ల అన్నప్రాశన నాటి ఇంటి వంట. ఎముకల్లో దిగిన ఫ్లోరిన్‌కైతే వెనక్కి పోయే మందు లేదు. 1973లో హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలు మన ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లోకానికి చెప్పారు. ఆ కాళ్లతోనే పెద్దవాళ్లయినవాళ్లు ఇంకా మన మధ్య నడుస్తున్నారు. మా బడిలో ఇప్పుడు కింది తరగతుల పిల్లలు నోరు దాచుకోకుండా నవ్వుతారు. నల్లా నీళ్లను నమ్మడానికి ఏ ప్రకటనకన్నా నాకు ఆ నవ్వే ఎక్కువ.

పటిక పద్ధతి మాట చెప్పకపోతే లోటు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించి, మన ఊరి పేరే పెట్టిన నల్లగొండ టెక్నిక్ అది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక వేసి కలిపి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు తీసుకోవడం. పటికలో ఇరవయ్యో వంతు సున్నం చాలు. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. కానీ పటిక ఎంతన్నది ఆ నీళ్ల ఫ్లోరైడ్‌నూ క్షారగుణాన్నీ బట్టి మారుతుంది. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పోయాలన్నది ఇంకో తిప్పలు. రోజూ ఆ చాకిరీ పడేది ఇంటి ఆడవాళ్లమీదే. నల్లా ఉన్న ఇంటికి దీని అవసరం లేదు. నల్లా అందని తండాలకు, పొలం దగ్గర కాపురాలకు, నేర్పించి తోడుండే మనిషి ఉంటే పనికొస్తుంది.

కాబట్టి నల్లా రాని రోజు కోసం రెండు రోజుల వంట నీళ్లు మూతపెట్టి నిల్వ ఉంచుకోండి. అవి అయిపోతే, వంటకు కూడా క్యాను నీళ్లే వాడండి. ఆ రెండు రోజుల ఖర్చు పెద్దది కాదు. మూడు రకాల నీళ్లనూ ఒకసారి పరీక్ష చేయించండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, లీటరు నింపి, ఏ నీళ్లో, ఏ తేదీనో చీటీ అంటించి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇవ్వండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష పెట్టె వాడటం నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీ కార్యదర్శిని అడిగి, పెట్టె ఎక్కడుందో బయటికి తీయించండి. బోరు నీళ్లను ఎండలు ముదిరిన మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి చూడాలి. నీటిమట్టం మారితే అంకె కూడా మారుతుంది.