మూడు అంకెల పెట్టె: హనుమకొండలో నా పత్రికా ఇంటర్న్‌షిప్

జర్నలిజం పీజీలో భాగంగా హనుమకొండలోని ఒక దినపత్రిక జిల్లా కార్యాలయంలో నేను చేసిన ఇంటర్న్‌షిప్ ముగిసి చాలా కాలమైంది. ఇప్పుడు అదే వృత్తిలో ఉన్నాను గనుక, అప్పటి ఉత్సాహంలో స్నేహితులకు చెప్పిన మాటల్లో ఏవి నిలిచాయో కొంత నిదానంగా చెప్పగలను. ప్రెస్‌మీట్లు, ప్రకటనలను కుదించి రాయడం, పేజీ డెడ్‌లైన్ వంటివి ఏ జిల్లా డెస్కులోనైనా ఉండేవే. నాకు ఇప్పటికీ ఇష్టంగా గుర్తున్నది వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ ధరల పెట్టె ఒక్కటే.

లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో వచ్చే ఆ చిన్న పెట్టెను కొత్తగా చేరినవారికి అప్పగించేవారు. నేను చేరింది మిర్చి సీజన్‌లో. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర వ్యాపారులు గుమిగూడి పాడే అత్యధిక ధరను జెండా పాట ధర అంటారు. ఫోన్ చేసి ఆ ఒక్క అంకె తెలుసుకుంటే చాలు, కార్యాలయం అలవాటు ప్రకారం ఆ రోజు పెట్టె పూర్తయినట్టే.

ఒక ఉదయం ఫొటోల కోసం యార్డుకు వెళ్లినప్పుడు, నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన తక్‌పట్టీని (అమ్మిన సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీ) నా చేతిలో పెట్టి, "పేపర్ల ఏసిన రేటు ఎవలికి వచ్చిందో ఆయన పేరు గూడ రాయరాదు బిడ్డా?" అని అడిగారు. ఆయనకు దక్కిన ధర జెండా పాట కన్నా క్వింటాల్‌కు వేలల్లో తక్కువ. ఆ సంగతి చెప్పగానే మా సీనియర్ సబ్‌ఎడిటర్ చేతిలోని పేజీ పక్కన పెట్టి, "గరిష్ఠం ఉన్నది. కనిష్ఠం ఏది? ఎక్కువ మందికి దక్కింది ఏది? రేపటి నుంచి మూడూ తీసుకురామ్మా" అన్నారు.

అక్కడి నుంచి నా పని తీరే మారిపోయింది. వేర్వేరు అడ్తి (కమీషన్ వ్యాపారుల) దుకాణాల ముందు రైతుల తక్‌పట్టీలు చూసి రాసుకోవడం, తేమ వల్ల ఎంత తగ్గిందో, రంగు పోయిన కాయకూ తాలు కాయకూ ఎంత కోత పడిందో తూకం వేసే దడ్వాయిలనూ హమాలీలనూ అడగడం, మిర్చి రకాల్లో తేజ ధరనూ వండర్ హాట్ ధరనూ 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా ధరనూ కలిపేయకుండా విడివిడిగా నమోదు చేయడం, సాయంత్రం వాటిని మార్కెట్ కార్యాలయం అంకెలతో పోల్చడం నేర్చుకున్నాను. కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ పోర్టల్ కూడా కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధరను ఇస్తుంది. రైతుకు అన్నిటికన్నా అక్కరకొచ్చే అంకె అదేనని నా నమ్మకం. పెట్టెలో మూడు ధరలు రావడం మొదలైన కొన్నాళ్లకు, బస్తాలు బండికెత్తే ముందు మోడల్ ధర ఎంతుందో తెలుసుకునేందుకు పరకాల, ములుగు వైపు నుంచి రైతులు కార్యాలయానికి ఫోన్ చేయసాగారు. పేరు లేకుండా అచ్చయ్యే నాలుగు వరుసల కోసం ఎవరైనా ఫోన్ చేస్తారని నేను ఊహించలేదు.

ఆ కార్యాలయం ఇంటర్న్‌లకు బాగా నేర్పుతుందని అప్పట్లో అందరికీ చెప్పాను. నిజానికి నేర్పింది ఆ ఒక్క సబ్‌ఎడిటరే. ఆయన మరో ఎడిషన్‌కు బదిలీ అయ్యాక, నేను ఇంకా అక్కడ ఉండగానే, పెట్టెలో మళ్లీ ఒకే అంకె మిగిలింది. ఆయన ఉన్న రోజుల్లో కూడా, ధర రికార్డు స్థాయికి చేరినప్పుడల్లా పెద్ద శీర్షికకు ఎక్కింది జెండా పాట ధరే. డిజిటల్ విభాగంలో గడిపిన వారాల్లో అచ్చయిన వార్తలను ఫోన్ తెరకు సరిపడేలా కత్తిరించడం తప్ప మరేమీ చేయలేదు. ఇచ్చిన భత్యం ఆటో ఖర్చులకు సరిపోయింది.

ఇక చేరాలా వద్దా అంటే, నా సంగతి వేరు. మా ఇల్లు హనుమకొండలోనే ఉంది గనుక పొద్దున్నే యార్డుకు వెళ్లి, రాత్రి పేజీలు వెళ్లేదాకా డెస్కులో కూర్చోగలిగాను. మిర్చి పండించే ఇంట్లో పెరిగాను గనుక రైతులు నాతో మనసు విప్పి మాట్లాడారు. భూపాలపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారికి, గది అద్దె భరించాల్సినవారికి ఇంత గట్టిగా చెప్పలేను. చేరదలచినవారు మిర్చి బాగా వచ్చే జనవరి, ఏప్రిల్ నెలల మధ్య చేరండి. ఎవరి దగ్గర కూర్చోబెడతారో, ఆయన ఆ సీజన్ అంతా అక్కడే ఉంటారో లేదో ముందే అడగండి.