మూడేళ్లు ఫెమ్ వాడాక: బలం లెక్క వరకు ఓకే, రేకు ఎక్కడికెళ్తుందో మాత్రం అడక్కండి

ఎం.టెక్ ప్రాజెక్టు కోసం డౌన్‌లోడ్ చేసుకున్నా దీన్ని, ప్రాజెక్టు అయిపోయి విజయనగరంలో పాఠాలు చెప్పుకుంటున్నా ఇంకా ల్యాప్‌టాప్‌లోంచి తీయలేదు. ఫెమ్ (FEMM) అంటే అయస్కాంత క్షేత్రాలూ వాటి బలాలూ లెక్కగట్టే, డేవిడ్ మీకర్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్, నాది 4.2 వెర్షన్, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డొక్కు మీద కూడా సెకన్లలో సాల్వ్ అయిపోతుంది, లైసెన్సు గొడవ లేదు.

నాది ఎలక్ట్రోమ్యాగ్నెటిక్ ఫార్మింగ్, అంటే అయస్కాంత బలంతో రేకుని వంచడం. కెపాసిటర్లని ఛార్జ్ చేసి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదిలేస్తే దాని మీదున్న రేకులో ఎడ్డీ కరెంట్లు పుడతాయి, కాయిలూ రేకూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, రేకు ఎగిరెళ్లి డైకి (అచ్చుకి) అతుక్కుంటుంది. బుడితిలో ఇత్తడి పని చేసే మా మావయ్యకి చెప్తే "ఏటల్లుడూ, సుత్తి దెబ్బే నేకుండా రేకు వొంగిపోద్దేటి" అని నవ్వీసినాడు. 10 టెస్లా ఫీల్డ్ అంటే సుమారు 40 మెగాపాస్కల్, చదరపు సెంటీమీటరు మీద 400 కేజీలు పెట్టినట్టు మావయ్యా అన్నాక కాస్త ఆలోచించాడు.

ఫెమ్‌లో 2డీ మాత్రమే. గుండ్రటి స్పైరల్ కాయిల్‌ని ఒకదాని చుట్టూ ఒకటి రింగులుగా గీసి యాక్సిసిమెట్రిక్ (మధ్య అక్షం చుట్టూ అంతా ఒకేలా ఉందనుకునే లెక్క) పెడితే చాలు. మొదట్లో నాకు ఫోర్స్ ఎప్పుడూ చేత్తో వేసిన లెక్కలో నాలుగో వంతే వచ్చేది, నెల రోజులు మెష్‌ని (లెక్క కోసం బొమ్మని చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా కోసే వలని) తిట్టుకున్నాను, చివరికి చూస్తే తప్పులు రెండు, రెండూ నావే. ఇందులో కరెంటు పీక్ విలువ ఇవ్వాలి, నేను ఆర్ఎంఎస్ (పీక్‌లో సుమారు 0.7 వంతు ఉండే సగటు లాంటి విలువ) ఇచ్చాను, ఫోర్స్ కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అక్కడే సగం పోయింది. రెండోది, హార్మోనిక్‌లో (కరెంటు సైన్ వేవ్‌లా ఊగుతుందనుకునే లెక్కలో) అది చూపించే స్టెడీ స్టేట్ ఫోర్స్ సగటు, దాని పక్కనే రెండింతల ఫ్రీక్వెన్సీతో ఊగే భాగం వేరేగా ఇస్తుంది, పీక్ కావాలంటే రెండూ కలపాలి. అక్కడ ఇంకో సగం పోయింది. కొత్తగా వాడేవాళ్లు ఇది రాసి గోడకి అంటించుకోండి.

మెష్ కూడా ఆటోమేటిక్‌కి వదిలేయకండి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో స్కిన్ డెప్త్ (కరెంటు పైనుంచి లోపలికి దిగే లోతు) 0.8 మి.మీ. చిల్లర, అందులో కనీసం మూడు నాలుగు ఎలిమెంట్లయినా పడాలి, లేకపోతే ప్లాట్ అందంగానే ఉంటుంది గానీ నంబరు చెత్త.

అసలు లోటు ఏంటంటే ట్రాన్సియెంట్ (క్షణక్షణం మారే పల్స్‌ని లెక్కగట్టడం) లేదు. నిజం పల్స్ డ్యాంప్ అయిపోతూ పోతుంది, ఫార్మింగ్‌లో చాలా పని మొదటి అర వేవ్‌లోనే జరిగిపోతుంది, ఇదేమో సైన్ వేవ్ ఎప్పటికీ అలాగే ఉంటుందనుకుని లెక్క కడుతుంది. రేకు కదలదు కూడా. స్పైరల్ కాయిల్‌కి ప్రెజర్ మధ్యలో సున్నా, సగం రేడియస్ దగ్గర ఎక్కువ, అది బాగానే చూపిస్తుంది, కానీ నిజంగా కొట్టినప్పుడు ముందు ఆ రింగు లేచి, తర్వాత దాని వేగంతో మధ్య భాగాన్ని కూడా లాక్కుపోతుంది చూడండి, ఆ కథ ఇందులో దొరకదు. నేను ల్యూవా స్క్రిప్టుతో రేకుని కొంచెం కొంచెం జరిపి ప్రతిసారీ ప్రెజర్ తీసి రేకు ఎలా వంగుతుందో లెక్కగట్టే కాల్క్యులిక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ఇస్తున్నా, నడుస్తుంది, ఓపిక ఉండాలి అంతే.

స్టార్లు అయితే 5కి 4.

మావయ్య గురించి మర్చిపోయా, ఆయన ఇచ్చిన అర మిల్లీమీటరు ఇత్తడి రేకు కూడా పెట్టి చూశాను. ఇత్తడిలో కరెంటు రాగిలో పావు వంతు పైచిలుకే పారుతుంది, అదే 10 కిలోహెర్ట్జ్‌కి స్కిన్ డెప్త్ 1.2 మి.మీ. దాటిపోయింది, ఫీల్డ్ చాలావరకు అవతలికి కారిపోయి ప్రెజర్ బాగా పడిపోయింది. కింద రాగి రేకు డ్రైవర్‌గా (ఇత్తడిని తోసేదిగా) పెడితే మళ్లీ పెరిగింది, ఈ ఫైలు ఒక్కటి మాత్రం ఆయనకి ఫోన్‌లో చూపించాలని దాచి ఉంచాను.