ఏనుగు చెవి బాగుంది, టైటిలే ఊడిపోయింది

జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి వెళ్ళినప్పుడు మా పాపకి ఓ జంతువుల బొమ్మల పుస్తకం కొన్నాను, పేజీలన్నీ గట్టి అట్టలే. పాపకి ఏడాదిన్నర. నేను ప్రెస్‌లో డీటీపీ చేస్తాను కాబట్టి ఏ పుస్తకమైనా ముందు ముఖచిత్రమే చూస్తాను, అదో అలవాటు.

ముఖచిత్రం ఏనుగు. చెవి ఉండాల్సిన చోట డై కటింగ్‌తో కన్నం చేసి, లోపలి నుంచి గరుకు రెక్సిన్ ముక్క కనపడేలా పెట్టారు. ఎవరూ చూపించకుండానే మా పాప వేలు తిన్నగా అక్కడికే పోయింది. ఆ ముక్క పైపైన అంటించి ఉంటే రెండో రోజుకే పీకి నోట్లో పెట్టుకునేది, రెండు అట్టల మధ్య ఇరికించి అతికించారు గనక గోటికి అంచు దొరకదు. ఈ ఒక్క పనికే సగం డబ్బులు ఇచ్చేయొచ్చు.

పక్కనున్న బాతుకి మాత్రం స్పాట్ యూవీ, అంటే ఆ బొమ్మ వరకే మెరిసే పూత, వేసి ఊరుకున్నారు. లైటు కింద తళతళలాడుతుంది గానీ వేలికి ఏమీ తెలీదు. మా ప్రెస్‌కి వచ్చేవాళ్ళూ పిల్లల పుస్తకమనగానే "మెరవాలండీ" అంటారు, మెరిస్తే పెద్దవాళ్ళు కొంటారని లెక్క. 1940లోనే అమెరికాలో 'ప్యాట్ ద బన్నీ' అనే పుస్తకంలో నాన్న మాసిన గడ్డానికి గరుకు కాగితం ముక్క పెట్టారు, ఎంత చవక ఉపాయమో చూడండి. ఈ బాతుకి చిన్న వెల్వెట్ ముక్క పెట్టినా సరిపోయేది.

అసలు తలనొప్పి టైటిల్‌తో. బంగారు ఫాయిల్ అక్షరాలు. పాప నమలడం మొదలుపెట్టిన వారానికే 'ఏనుగు'లో 'ఏ' పోయి 'నుగు' మిగిలింది, ఆ పోయింది కడుపులోకే వెళ్ళిందేమోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్. అట్ట మీది మాట్ లామినేషన్, అంటే మెరుపు లేని ప్లాస్టిక్ పొర, దాని మీద కొబ్బరినూనె వేలిముద్రలు సరే సరి, ఎంత తుడిచినా పోవు. మూలలు గుండ్రంగా కోశారు, అది మెచ్చుకోవాలి.

ఇంకోటి, స్టాల్‌లో అన్నిటికీ ప్లాస్టిక్ చుట్టి సీలు వేసి పెట్టారు. ముట్టుకుని చూడాల్సిన పుస్తకానికి! ఒకటి విప్పి పెట్టొచ్చుగా అంటే "మాసిపోతుందండీ" అన్నాడు అక్కడి కుర్రాడు.

350 రూపాయలకి ఆ చెవి కోసం కొనొచ్చు, కాకపోతే ముందు కవరు విప్పించి టైటిల్ మీద గోటితో ఒకసారి గీకి చూడండి.