సెయింట్ గాలెన్ మఠం లైబ్రరీ: ఒక పాత లాటిన్ పాట విని మరీ వెళ్ళండి

జ్యూరిక్ నుంచి రైల్లో గంట. స్విట్జర్లాండ్ వచ్చిన మనవాళ్ళు మంచు కొండలు ఎక్కి, చాక్లెట్లు కొనుక్కుని వెళ్ళిపోతారు గానీ ఈ ఊరు పెద్దగా రారు. నన్నూ ఇక్కడికి లాక్కొచ్చింది ఒక పాటే, 'మేదియా వీటా ఇన్ మోర్తే సుముస్'. బతుకు నడుమనే చావులో ఉన్నాం, ప్రభూ, నీవు తప్ప ఎవరిని సాయం అడగం అని మొదలవుతుంది. ఆ "నీవు తప్ప" దగ్గర మొసలి నోట్లో కాలు చిక్కిన ఏనుగు మనకి గుర్తు రాకుండా ఎలా ఉంటుంది! తర్వాత ఒక చరణంలో, మా పెద్దలు నిన్నే నమ్ముకున్నారు, నమ్మితే విడిపించావు కదా అని పాత బాకీ గుర్తుచేసినట్టు అడుగుతారు. నాకు బాగా నచ్చింది అదే.

రాసింది ఈ మఠంలోని నోట్కర్ అనే సన్యాసి అని కథ. 912లో పోయాడు, నత్తి ఉండేదట, ఆయన బిరుదుకి అర్థమే 'నత్తివాడు'. దగ్గర్లోని లోయ మీద వంతెన కడుతున్న కూలీలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేయడం చూసి ఈ పాట కట్టాడంటారు. రుజువు లేదు, పండితులు ఒప్పుకోరు, అయినా కథ వదలబుద్ధి కాదు. ఇంకో తమాషా ఏంటంటే, జనం దీన్ని గిట్టనివాళ్ళ మీద శాపంలా వాడుతున్నారని, బిషప్ అనుమతి లేకుండా ఎవరి మీదా పాడొద్దని 1316లో కొలోన్‌లో చర్చి పెద్దలు ఆర్డర్ వేశారు!

ఇక లైబ్రరీ. గుమ్మం పైన గ్రీకులో 'ఆత్మకు వైద్యశాల' అని ఉంటుంది. 18వ శతాబ్దపు చెక్క నేల పాడవకుండా బూట్ల మీదే పెద్ద ఫెల్ట్ చెప్పులు తొడుక్కోవాలి, దాంతో పెద్దమనుషులు కూడా చిన్నపిల్లల్లా కాళ్ళు ఈడ్చుకుంటూ తిరుగుతుంటే చూడ్డానికి సరదాగా ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు జనమంతా ఈజిప్టు మమ్మీ దగ్గరే. లోపల ఎవరైనా పాడుతుంటారేమో అనుకున్నా, తెలివితక్కువతనం నాదే, మఠం 1805లోనే మూతపడింది.

వెళ్ళేముందు ఇంట్లో ఒక పని చేయండి. పాత రాతప్రతుల ఫోటోలు పెట్టే ఈ-కోడిసెస్ సైట్‌లో ఇక్కడి 359వ నంబరు రాతప్రతి తెరవండి, ఫ్రీ. 10వ శతాబ్దపు పుస్తకం, అందులో ఉన్నవి మన పాట కాదు, వేరే ప్రార్థన పాటలు. జూమ్ చేస్తే లాటిన్ మాటల పైన చీమల కాళ్ళలా సన్నటి సంగీతపు గుర్తులు కనిపిస్తాయి, ఇప్పటి వెస్టర్న్ సంగీతం రాతలో ఉండే అడ్డగీతలేవీ ఉండవు, స్వరం ఏ ఎత్తులో ఉందో చెప్పవు, వరుస ముందే నోటికి వచ్చి ఉండాలి. తిరుమల రాగిరేకుల్లో అన్నమయ్య కీర్తనలకి రాగం పేరు ఉండి స్వరాలు లేనట్టే. ఆ గుర్తుల పక్కన బుల్లి 'సి' ఉంటే త్వరగా పాడాలి, 'టి' ఉంటే సాగదీయాలి. ఈ అక్షరాల అర్థాలు వివరిస్తూ నోట్కర్ రాసిన ఉత్తరం కూడా ఒకటి ఉంది, అది మాత్రం నిజంగా ఆయనదే.

తిరుగు రైల్లో పాట మళ్ళీ పెట్టాను. 'సాంక్తే, సాంక్తే, సాంక్తే' (పవిత్రుడా) అని మూడుసార్లు పిలిచేచోట ఆయనైతే 'టి' ఎక్కడ పెట్టేవాడా అని వెనక్కి తిప్పి తిప్పి వింటుంటే జ్యూరిక్ వచ్చేసింది.